మానిన గాయం.. మానని భయం

ప్రమాదాల్లో గాయపడిన చిన్నారుల మనోవ్యథ ఏ లెక్కలోకీ రావడం లేదు

మెదక్ (ప్రత్యేక విశ్లేషణ): ప్రమాద వార్తల్లో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది. మృతులెందరో, తీవ్రంగా గాయపడినవారెందరో చెప్పిన పిదప ‘మిగిలినవారు స్వల్ప గాయాలతో బయటపడ్డారు’ అని వార్త ముగుస్తుంది. పెద్దల మాట ఎలా ఉన్నా, ఆ మిగిలినవారిలో పిల్లలున్నప్పుడు అది తొందరపాటు నిర్ధారణే అవుతుంది. మోచేతికి పడిన నాలుగు కుట్లను పది రోజుల్లో విప్పేస్తారు. విరిగిన ఎముక కొన్ని వారాల్లో అతుక్కుంటుంది. ఆ క్షణాన పిల్లవాడి మనసులో నాటుకున్న భయం ఏమైందని మాత్రం అడిగేవారుండరు. రెండు నెలల తర్వాత ఆ పిల్లవాడు బస్సు హారన్ వినగానే చెవులు మూసుకున్నా, అర్ధరాత్రి లేచి కేకలు వేసినా, ఏనాడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టినా, దానిని ప్రమాదంతో ముడిపెట్టి చూసే అలవాటు ఇంట్లో లేదు, బడిలో లేదు, ఆసుపత్రిలో అంతకన్నా లేదు.

రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత వైద్యం అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మే 5న అమల్లోకి తెచ్చింది. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల పాటు, లక్షన్నర రూపాయల వరకు వైద్యం ఉచితం. ప్రాణం నిలబెట్టడమే దీని ఉద్దేశం కనుక, ఆ మేరకు ఇది మంచి పథకమే. కాగా ప్రమాదానంతర మానసిక రుగ్మత ఉన్నదని నిర్ధారించాలంటే, లక్షణాలు కనీసం నెల రోజులకు మించి కొనసాగాలన్నది వైద్యశాస్త్ర నియమం. అంటే వ్యాధికి పేరు పెట్టగలిగే నాటికి పథకం గడువు తీరి మూడు వారాలు దాటుతుంది. ఈ మూడు వారాల ఎడమలోనే అసలు సమస్య అంతా ఇమిడి ఉంది.

జడుపుకు మరో పేరు

వైద్యులు దీనిని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, క్లుప్తంగా పీటీఎస్‌డీ అంటారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల వర్గీకరణలో దీనిని తొలిసారి చేర్చినప్పుడు, వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులే ప్రధానంగా చర్చలో ఉన్నారు. పిల్లల సంగతి చాలాకాలం వెనుకబడింది. ఆరేళ్లు, అంతకన్నా తక్కువ వయసు వారికి ప్రత్యేకంగా లక్షణాలను నిర్దేశించినది 2013లోనే. పిల్లలు మరచిపోతారులే అన్న నమ్మకం మన ఊళ్లకే పరిమితం కాదని దీనిని బట్టి అర్థమవుతుంది.

నిజానికి మన పెద్దలకు ఈ సంగతి బొత్తిగా తెలియనిదేమీ కాదు. పిల్లవాడు ‘జడుసుకున్నాడు’, ‘దడుపు జ్వరం పట్టుకుంది’ అంటూ భయాన్ని ఒక జబ్బుగానే గుర్తించారు. దిష్టి తీస్తారు, విభూతి పెట్టిస్తారు, తాయెత్తు కట్టిస్తారు, దర్గాకు తీసుకువెళ్లి ఊదిస్తారు. వీటి మహిమ గురించి వాదన ఇక్కడ అనవసరం. పిల్లవాడికి ఏదో అయిందని ఇంటిల్లిపాదీ ఒప్పుకోవడం, వాడి చుట్టూ చేరడం మాత్రం చిన్న విషయం కాదు. చిక్కంతా గడువుతోనే వస్తుంది. మూడు రోజులో, మూడు శుక్రవారాలో గడిచాక జడుపు దిగిపోయినట్లే లెక్క. ఆ తర్వాత కూడా పిల్లవాడు మారకపోతే ‘మొండికేశాడు’, ‘గారాబం ఎక్కువైంది’, ‘చదువు ఎగ్గొట్టడానికి వేషాలు’ అన్న మాటలు మొదలవుతాయి.

లక్షణాలు చూస్తే అలా పొరబడడానికి కారణం తెలుస్తుంది. జరిగినది పిలవకుండానే కళ్ల ముందుకు వస్తుంది. డీజిల్ వాసన, బ్రేకు కీచుమనడం, వంటింట్లో నూనె చిటపటలాడడం వంటి చిన్న ఆనవాలు చాలు. దానిని గుర్తుకు తెచ్చే చోట్లను, మనుషులను, మాటలను పిల్లవాడు తప్పించుకు తిరుగుతాడు. ఇష్టమైన ఆటలపై ఆసక్తి పోతుంది, తప్పంతా తనదేనన్న భావన కలుగుతుంది. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతాడు, నిద్ర పట్టదు, ఊరకనే కోపం వస్తుంది, పుస్తకం ముందు కూర్చుంటే మనసు నిలవదు. చిన్నపిల్లలైతే మాటల్లో చెప్పలేరు కనుక ఆటలో చూపిస్తారు. బొమ్మ బస్సును గోడకు గుద్దించి, మళ్లీ తెచ్చి గుద్దించి, అదే ఆట గంటల తరబడి, నవ్వు లేకుండా ఆడతారు. వాళ్ల పీడకలల్లో బస్సే కనిపించాలని లేదు, దయ్యమో కుక్కో కావచ్చు. ఉపాధ్యాయునికి కనిపించేది తగ్గిన మార్కులు. తల్లికి కనిపించేది చెప్పిన మాట వినని పిల్లవాడు. లోపలి భయం ఇద్దరికీ కనిపించదు.

గాయం చిన్నదైతే భయం చిన్నదా?

ఈ అంశంపై జరిగిన పరిశోధనల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది, మన అలవాటైన ఆలోచనకు పూర్తిగా విరుద్ధమైనది ఒకటుంది. శరీరానికి తగిలిన దెబ్బ తీవ్రతకు, మనసులో మిగిలే రుగ్మతకు మధ్య సంబంధం చాలా బలహీనం. తుంటి ఎముక విరిగి రెండు నెలలు మంచంలో ఉన్న పిల్లవాడు తేరుకోవచ్చు, గీరుకుపోయిన మోకాలితో ఇంటికి వచ్చినవాడు తేరుకోకపోవచ్చు. పిల్లలపై జరిగిన అనేక అధ్యయనాలను గుదిగుచ్చి 2012లో ప్రచురించిన ఒక విశ్లేషణ ఈ సంగతిని స్పష్టం చేసింది. ఆ క్షణంలో ఎంత భయపడ్డాడు, చనిపోతానని అనుకున్నాడా, తర్వాత ఇంటి వాతావరణం ఎలా ఉంది, ఆదుకునేవారు ఉన్నారా, ఆ జ్ఞాపకాన్ని అణచిపెట్టేందుకు ఎంత ప్రయత్నిస్తున్నాడు అన్నవే నిర్ణాయకమని తేల్చింది. పిల్లవాడి వయసు, పూర్వస్థితి వంటివి వీటి ముందు చిన్న కారణాలు. కనుక ‘స్వల్ప గాయాలు’ అన్న మాట శరీరానికి చెల్లుతుంది గాని మనసుకు చెల్లదు.

అలాగని గాయపడిన ప్రతి పిల్లవాడూ రోగి అవుతాడని భయపెట్టడం కూడా తప్పే. మొదటి వారంలో కలతనిద్ర, ఏడుపు, తల్లిని అంటిపెట్టుకుని ఉండడం దాదాపు అందరిలోనూ కనిపిస్తాయి. అవి జబ్బు లక్షణాలు కావు, మనసు కుదుటపడే క్రమంలో భాగం. 2014లో ప్రచురితమైన మరో సమగ్ర విశ్లేషణ ప్రకారం, విపత్తులు, ప్రమాదాలు, హింస వంటి వాటికి గురైన పిల్లల్లో సుమారు 16 శాతం మందిలో ఈ రుగ్మత ఏర్పడింది. మనుషులు చేసిన హింస కాక ప్రమాదాల వంటివాటికి లోనైనవారిలో ఇది ఇంకా తక్కువ, దరిదాపు పదిలో ఒకరు. రుగ్మత ఏర్పడినవారిలోనూ మొదటి ఆరు నెలల్లో సగం మంది తమంతట తామే కోలుకుంటారు. అయితే ఆ ఆరు నెలలు దాటాక మిగిలిపోయినవారి స్థితిలో తర్వాత పెద్దగా మార్పు ఉండదని కూడా పరిశోధనలే చెబుతున్నాయి. ‘రోజులు గడిస్తే అదే పోతుంది’ అన్న మాట ఆరు నెలల వరకు సగం నిజం, ఆ తర్వాత దాదాపు అబద్ధం.

పదిలో ఒకరంటే తక్కువేనని ఎవరైనా అనుకుంటే, ఆ పదుల సంఖ్య ఎంతో చూడాలి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా 4,43,366 మంది గాయపడ్డారు. మృతుల్లో పద్దెనిమిదేళ్ల లోపువారు తొమ్మిదిన్నర వేల మంది. గాయపడి బతికిన పిల్లల సంఖ్య సహజంగానే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. ఇవి రోడ్డు లెక్కలు మాత్రమే. మరుగుతున్న నీళ్లు, సాంబారు మీద పడి కాలిన పసివారు, దీపావళి మరునాడు హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రి ముందు బారులుతీరే బాలలు, చెట్టు మీద నుంచో కట్టని పిట్టగోడ మీద నుంచో పడినవారు, వీధి కుక్కల బారిన పడినవారు వీటిలో లేరు.

మాసాయిపేట, అబెర్‌ఫాన్

మెదక్ జిల్లాకు ఈ విషయం ఎవరో వచ్చి చెప్పనక్కరలేదు. 2014 జులై 24 ఉదయం మాసాయిపేట వద్ద కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న బడి బస్సును నాందేడ్ - సికింద్రాబాద్ ప్యాసింజరు రైలు ఢీకొంది. తూప్రాన్‌లోని పాఠశాలకు వెళుతున్న చిన్నారుల్లో పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు, పలువురు గాయపడ్డారు. ఇస్లాంపూర్ వంటి గ్రామాల్లో ఒకే వీధిలో ఒక ఇంట్లో బిడ్డ పోయాడు, పక్కింట్లో బిడ్డ బతికాడు. రాష్ట్రం ఏర్పడి రెండు నెలలైనా కాని సమయంలో జరిగిన ఆ ఘోరం అందరినీ కదిలించింది. నష్టపరిహారం, కాపలాదారు, గేటు అన్నవి చర్చకు వచ్చాయి. 2019 జనవరి నాటికి దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గాలపై కాపలా లేని గేట్లన్నీ తొలగిపోయాయి. ఆలస్యమైనా అది నిజమైన దిద్దుబాటు.

నాడు ఒకటో తరగతిలో ఉన్నవారు ఇప్పుడు కళాశాల వయసుకు వచ్చారు. వారి వ్యక్తిగత వివరాల్లోకి వెళ్లడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు, అది ధర్మమూ కాదు. అలాంటి ఊరిలో అలాంటి బాల్యం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మరో ఊరి చరిత్ర ఉంది. అది బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతానికి చెందిన అబెర్‌ఫాన్ అనే బొగ్గుగని గ్రామం. 1966 అక్టోబరు 21 ఉదయం, కొండపై పోగుపోసిన గని వ్యర్థం కూలి కింద ఉన్న ప్రాథమిక పాఠశాలను కప్పివేసింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు మరణించారు. అప్పట్లో బతికిన పిల్లల మనసు గురించి అంతగా పట్టించుకున్న వ్యవస్థ లేదు. ముప్పై మూడేళ్ల తర్వాత పరిశోధకులు వెళ్లి, నాడు బతికి బయటపడిన 41 మందిని పరీక్షించారు. వారిలో 46 శాతం మంది ఏదో ఒక దశలో ఈ రుగ్మతను అనుభవించారు. 29 శాతం మందిలో, అంటే అప్పటికి నడివయసుకు చేరినవారిలో, అది ఇంకా ఉంది.

అబెర్‌ఫాన్ పిల్లలు తర్వాత చెప్పుకున్న ఒక సంగతి మనసును పిండుతుంది. ప్రమాదం తర్వాత వారు వీధిలో ఆడుకోవడం మానేశారట. తమను చూస్తే బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు కడుపు తరుక్కుపోతుందని వారికి తెలుసు. బతికినందుకు సిగ్గుపడిన బాల్యం అది. మన గ్రామాల్లో, వాడకట్టు అంతా బంధువులే అయిన చోట, ఈ భారం ఇంకెంత ఉంటుందో ఊహించవచ్చు. చనిపోయిన నేస్తం తల్లి ఎదురైతే పిల్లవాడు తల దించుకుని పక్కకు తప్పుకుంటాడు. ఆమె వాడిని దగ్గరకు తీసుకుని ఏడిస్తే, ఆ ఏడుపునకు కారణం తానేనని వాడు అనుకుంటాడు.

2025 అక్టోబరు 24న కర్నూలు సమీపంలో చిన్నటేకూరు వద్ద ప్రైవేటు బస్సు దగ్ధమైంది. నవంబరు 3న చేవెళ్ల దగ్గర ఆర్టీసీ బస్సు, కంకర లారీ ఢీకొన్నాయి. ఈ రెండు దుర్ఘటనల నాడూ తెలుగు నేల తల్లడిల్లింది. ఇలాంటి పెద్ద ప్రమాదాలకు మంత్రులు, అధికారులు, కెమెరాలు వస్తాయి. కాని పీటీఎస్‌డీ బారిన పడే పిల్లల్లో అత్యధికులు ఏ పత్రికలోనూ పేరు రాని ప్రమాదాల్లో గాయపడినవారే. తండ్రి బండి మీద ముందు ట్యాంకుపై కూర్చుని సంతకు వెళుతూ పడిపోయిన పిల్ల గురించి జిల్లా పేజీలో రెండు వాక్యాలు కూడా ఉండవు.

ఆసుపత్రిలో జరిగే గాయాలు

పిల్లవాడి భయం ప్రమాదస్థలంలోనే ముగుస్తుందనుకోవడం మరో పొరపాటు. సగం భయం ఆసుపత్రిలో పుడుతుంది. 2003లో అమెరికాలోని ఫిలడెల్ఫియా బాలల ఆసుపత్రి పరిశోధకులు, ఏ పిల్లలపై ఎక్కువ కనిపెట్టి ఉండాలో అత్యవసర విభాగంలోనే తేల్చేందుకు పన్నెండు అంశాలతో ఒక చిన్న ప్రశ్నావళిని రూపొందించారు. నాలుగు పిల్లవాడిని అడిగేవి, నాలుగు తల్లిదండ్రులను అడిగేవి, నాలుగు కేసు షీటులో ఉండేవి. చావబోతున్నానని అనుకున్నావా, చాలా భయపడ్డావా, ఇంకెవరికైనా దెబ్బలు తగిలాయా అన్న వాటితో పాటు పిల్లవాడిని అడగవలసిన ప్రశ్న మరొకటుంది. అమ్మానాన్నలు ఎక్కడున్నారో నీకు తెలియని సమయం ఏదైనా ఉందా?

ఈ ఒక్క ప్రశ్నను మన ఆసుపత్రుల్లో అడిగితే ఎంతమంది లేదని చెప్పగలరు? 108 వాహనం ఒకరిని ఒక ఆసుపత్రికి, ఇంకొకరిని మరో ఆసుపత్రికి చేరుస్తుంది. ఐసీయూ ముందు కాపలాదారు తల్లిని ఆపుతాడు. రోజుకు రెండుసార్లు, పది నిమిషాల చొప్పున చూడనిస్తారు. లోపల యంత్రాల కూతల మధ్య, ముఖానికి గుడ్డ కట్టుకున్న అపరిచితుల మధ్య ఆరేళ్ల పాప ఒంటరిగా ఉంటుంది. ఇన్ఫెక్షన్ భయం నిజమే, కాదనలేము. కాని చేతులు కడిగించి, గౌను తొడిగించి తల్లిని పక్కన కూర్చోబెట్టడం సాధ్యం కానిదేమీ కాదు. ఖర్చుతో సంబంధం లేని ఈ చిన్న మార్పు చేయడానికి ఏ జీవో అవసరమో అర్థం కాదు.

ఆ ప్రశ్నావళిలో నాడి వేగం కూడా ఉంది. పన్నెండేళ్ల లోపు పిల్లల్లో అది నిమిషానికి 104కు మించితే ఒక హెచ్చరికగా పరిగణిస్తారు. తీవ్ర భయంలో ఉప్పొంగే అడ్రినలిన్ గుండెను పరుగెత్తించడమే కాదు, ఆ క్షణపు జ్ఞాపకాన్ని మెదడులో మామూలు కన్నా లోతుగా చెక్కుతుందని శాస్త్రజ్ఞుల భావన. ఈ ప్రశ్నావళి ఇతర దేశాల్లో అన్నిచోట్లా ఒకే విధంగా నెగ్గలేదన్నది కూడా చెప్పుకోవాలి. దానిని యథాతథంగా దిగుమతి చేసుకోనక్కరలేదు. అడగాలన్న ఆలోచనైనా మనకు రావాలి.

నొప్పి సంగతి మరీ ఘోరం. కాలిన గాయాలకు కట్టు మార్చేటప్పుడు నలుగురు పట్టుకుని, పిల్లవాడు అరుస్తుండగానే పని కానిచ్చేయడం చాలాచోట్ల కనిపించే దృశ్యం. రోజు విడిచి రోజు, వారాల తరబడి ఇదే జరిగితే, మొదటి ప్రమాదం ఒక్కసారే అయినా మనసుకు అది పదిహేనుసార్లు జరిగినట్లే. కాలిన గాయాలతో బోస్టన్‌లో చేరిన 24 మంది పిల్లలపై జరిపిన అధ్యయనం 2001లో వెలువడింది. నొప్పి తగ్గడానికి మార్ఫిన్ ఎక్కువ మోతాదులో పొందిన పిల్లల్లో ఆరు నెలల తర్వాత మానసిక లక్షణాలు మరింత తగ్గినట్లు అందులో తేలింది. చిన్న అధ్యయనమే అయినా చెప్పిన విషయం పెద్దది. ‘చిన్నపిల్లలకు నొప్పి మందు ఎందుకు, ఓర్చుకుంటారు’ అనే ధోరణికి అది గట్టి సమాధానం.

ఇంట్లో మౌనం

ఇంటికి వచ్చాక మరో కథ మొదలవుతుంది. ‘ఆ మాట ఎత్తకండి, పిల్లవాడు భయపడతాడు’ అని నాయనమ్మ అందరికీ చెబుతుంది. ప్రేమతో చెప్పే మాటే అయినా ఫలితం వేరు. ఇంట్లో ఎవరూ మాట్లాడని విషయం ఎంత భయంకరమైనదో పిల్లవాడు తనంతట తానే ఊహించుకుంటాడు. తోబుట్టువు చనిపోయిన సంగతిని ‘అన్న హైదరాబాదు ఆసుపత్రిలో ఉన్నాడు’ అని వారాల తరబడి దాచడం మన కుటుంబాల్లో అపురూపమేమీ కాదు. పెద్దకర్మ నాటికి ఇంటి నిండా చుట్టాలు, గోడ మీద దండ వేసిన ఫొటో చూసి పిల్లవాడికి ఎలాగూ తెలిసిపోతుంది. అప్పుడు వాడికి రెండు నష్టాలు. అన్న పోయాడు, అమ్మానాన్నల మాట మీద నమ్మకమూ పోయింది.

తల్లిదండ్రులకు కూడా ఇదే రుగ్మత వస్తుందన్నది తరచూ మరచిపోయే విషయం. బండి నడిపినది తండ్రి అయినప్పుడు, సాంబారు గిన్నె కింద పెట్టినది తల్లి అయినప్పుడు, అపరాధభావం వారిని తినేస్తుంది. రాత్రి కల వచ్చిందని చెబితే నాన్న ఏడుస్తాడని గ్రహించిన పిల్లవాడు కల గురించి చెప్పడం మానేస్తాడు. తండ్రి తన బిడ్డ బాగానే ఉన్నాడనుకుంటాడు. పిల్లల లక్షణాల గురించి తల్లిదండ్రులు చెప్పేదానికి, పిల్లలు స్వయంగా చెప్పేదానికి పొంతన తక్కువని అధ్యయనాలు చూపాయి. ఎవరూ అబద్ధం చెప్పరు, ఒకరినొకరు కాపాడుకుంటారు. అందుకే వైద్యుడు తల్లిని అడిగి ఊరుకోకుండా పిల్లవాడిని కూడా, వీలైతే విడిగా, అడగాలి.

మరునాడు వచ్చే కౌన్సెలర్లు

పెద్ద ప్రమాదం జరిగిన మరునాడే మానసిక నిపుణుల బృందాలను పంపి, పిల్లలందరినీ కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పించడం కొంతకాలంగా ఒక మర్యాదగా స్థిరపడింది. ఉద్దేశం మంచిదే. కాని దానివల్ల మేలు జరిగినట్లు ఆధారాలు లేవు. బ్రిటన్‌లో రోడ్డు ప్రమాదాల్లో గాయపడిన పిల్లలపై జరిపి 2006లో ప్రచురించిన పరీక్షలో, ఇలా చెప్పించినవారికి, చెప్పించనివారికి మధ్య తేడా ఏమీ కనిపించలేదు. బలవంతంగా చెప్పించే ఇలాంటి పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫార్సు చేయడం లేదు. తొలి రోజుల్లో పిల్లవాడికి కావలసినవి తల్లిదండ్రుల చేరువ, నొప్పి లేకుండా ఉండడం, తిండి, నిద్ర, అడిగిన ప్రశ్నకు నిజమైన సమాధానం. మంచం పక్కన మైకు పెట్టి ‘ఎలా జరిగింది కన్నా’ అని అడిగించే టీవీ సంస్కృతి గురించి వేరుగా చెప్పనక్కరలేదు. అది కౌన్సెలింగు కూడా కాదు.

అసలు కౌన్సెలర్ అవసరమయ్యేది ఆరో వారంలో. అప్పటికి బృందాలు వెనక్కి వెళ్లిపోతాయి, ఎక్స్‌గ్రేషియా చెక్కుల పంపిణీ పూర్తవుతుంది.

వ్యాధిని గుర్తించగలిగితే చికిత్స ఉంది, అదీ మందుల అవసరం లేకుండానే. పిల్లలకు ఈ రుగ్మతలో మందులు వాడవద్దని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2018లో స్పష్టం చేశాయి. ప్రమాదాన్ని మొదటి నుంచి చివరి దాకా, పిల్లవాడు ఓర్చుకోగల వేగంతో, మాటలతోనో బొమ్మలతోనో ఒక వరుసగా చెప్పించడం చికిత్సలో ముఖ్యభాగం. ముక్కలు ముక్కలుగా కళ్ల ముందు మెరిసే దృశ్యాలకు ఒక మొదలు, ఒక ముగింపు ఏర్పడతాయి. జరిగినది జరిగిపోయిందని, ఇప్పుడు జరగడం లేదని మనసు గ్రహిస్తుంది. ‘నేను అరవకపోతే డ్రైవరు వెనక్కి చూసేవాడు కాదు, నావల్లే జరిగింది’ వంటి తప్పుడు లెక్కలను సరిదిద్దుతారు. దానితో పాటు, తప్పించుకు తిరుగుతున్న వాటిని కొద్దికొద్దిగా దగ్గర చేస్తారు. మొదట ఆగి ఉన్న బస్సును దూరం నుంచి చూడడం, తర్వాత తల్లితో కలిసి అందులో కాసేపు కూర్చోవడం, ఆపై ఒక్క స్టాపు దూరం ప్రయాణం. సాధారణంగా పది, పన్నెండు వారాల పని. లండన్‌లో 24 మంది పిల్లలపై జరిపి 2007లో ప్రచురించిన పరీక్షలో, ఈ చికిత్స పొందినవారిలో 92 శాతం మంది రుగ్మత నుంచి బయటపడగా, చికిత్స కోసం వేచి ఉన్నవారిలో 42 శాతం మందే బయటపడ్డారు. తక్కువ మందిపై జరిగిన పరీక్షే అయినా తర్వాతి అధ్యయనాలూ ఇదే దారిలో ఉన్నాయి.

పిల్లవాడు భయపడుతున్నాడని బస్సు మాన్పించి ఏడాదంతా ఆటోలో పంపడం, లేదా బడే మార్చేయడం తల్లిదండ్రులకు తోచే సులువైన దారి. కాని తప్పించుకున్న కొద్దీ భయం పెరుగుతుంది. అదే విధంగా ‘మగపిల్లవాడివి, భయమేంటి’ అని బలవంతంగా బస్సులోకి నెట్టడం కూడా పనికిరాదు. ఈ రెంటికీ నడుమ ఉన్న దారిని ఉపాధ్యాయుడు చూపగలడు. ఆయనకు ఎవరైనా చెప్పాలి గదా.

శాతాల్లో ఇమడని వైకల్యం

న్యాయస్థానాల్లోనూ ఇదే లోటు. మోటారు ప్రమాదంలో గాయపడిన పిల్లలకు పరిహారం ఎలా లెక్కగట్టాలో సుప్రీంకోర్టు 2013లో ఒక తీర్పులో నిర్దేశించింది. సంపాదన లేని పిల్లలకు పెద్దల లెక్క వర్తించదని, నొప్పి, బాధ, కోల్పోయిన సుఖసంతోషాల కింద వైకల్య శాతాన్ని బట్టి మొత్తాలు సూచించింది. పది శాతం వరకు లక్ష రూపాయలు, ముప్పై శాతం వరకు మూడు లక్షలు, అలా తొంభై శాతం దాటితే ఆరు లక్షలు. మానవతా దృష్టితో ఇచ్చిన తీర్పే. అయితే శాతం నిర్ధారించే ధ్రువపత్రం తెచ్చేది ఎముకల వైద్యుని నుంచి. చెయ్యి పూర్తిగా అతుక్కుని, రెండేళ్లుగా నిద్రలేని పిల్లవాడికి ఆ పత్రంపై సున్నా పడుతుంది. మానసిక వైద్యుని నివేదికను కూడా సాక్ష్యంగా పెట్టవచ్చు. కాని పిల్లవాడిని ఏనాడూ మానసిక వైద్యుని వద్దకు పంపనప్పుడు ఆ నివేదిక ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక్క వాక్యం చాలు

జిల్లాకొక పిల్లల మానసిక వైద్యుడు కావాలని కోరడం సులువు, ఇవ్వడం కష్టం. దేశంలో మొత్తం మానసిక వైద్యులే లక్ష జనాభాకు ఒక్కరు కూడా లేరు. పిల్లల నిపుణులు అందులో వేళ్ల మీద లెక్కించదగినవారు. అందుచేత ఉన్న వ్యవస్థలోనే దారి వెతకాలి.

పిల్లవాడిని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి పత్రంలో కుట్లు విప్పే తేదీ, ఎక్స్‌రే తీయించే తేదీ రాసి ఇస్తారు. తల్లిదండ్రులు ఆ తేదీకి తప్పకుండా వస్తారు. ఎముక విరిగితే నాలుగు నుంచి ఆరు వారాల మధ్య రావడం ఎలాగూ తప్పదు. సరిగ్గా అదే సమయంలో మనసు సంగతి కూడా తేలుతుంది. కట్టు విప్పే గదిలోనే నర్సు రెండు నిమిషాలు వెచ్చించి, నిద్ర పడుతోందా, కలలు వస్తున్నాయా, జరిగినది మాటిమాటికీ గుర్తుకు వస్తోందా, ఎక్కడికైనా వెళ్లాలంటే భయంగా ఉందా అని పిల్లవాడిని అడగవచ్చు. అవునన్న సమాధానాలు ఎక్కువైతే జిల్లా ఆసుపత్రిలోని మానసిక విభాగానికి పంపవచ్చు. దీనికి కొత్త ఉద్యోగం, కొత్త భవనం అక్కరలేదు. డిశ్చార్జి పత్రం నమూనాలో ఒక వాక్యం చేర్చాలి, నర్సులకు ఒక పూట శిక్షణ ఇవ్వాలి.

బడుల వద్దకు వెళ్లి పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు 2013 నుంచి ఉన్నాయి. పుట్టుకతో వచ్చిన లోపాలు, ఎదుగుదల లోపాలు చూసే ఆ బృందాలు, గత ఆరు నెలల్లో ఎవరైనా గాయపడి ఆసుపత్రిలో చేరారా అని ప్రధానోపాధ్యాయుని అడగడం కష్టమైన పని కాదు. నగదు రహిత పథకంలో ఏడు రోజులతో పాటు, పిల్లల విషయంలో నెల తర్వాత ఒక్కసారి పరీక్ష చేయించే వీలు కల్పిస్తే, లక్షన్నర పరిమితికి అది బరువేమీ కాదు. పథకం పత్రాల్లో అందుకు చోటు ఇప్పటికైతే లేదు.

ఈ లోగా తల్లిదండ్రులు వేచి ఉండనవసరం లేదు. ప్రమాదం జరిగి నెల దాటినా పిల్లవాడి నిద్ర, తిండి, చదువు, స్వభావం పూర్వంలా లేకపోతే 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ సేవను 14416 నంబరుపై ఉచితంగా సంప్రదించవచ్చు. తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. ఫోను చేసినప్పుడు ‘పిల్లవాడు మొండిగా ఉన్నాడు’ అని మొదలుపెట్టవద్దు. ఫలానా తేదీన ఫలానా ప్రమాదం జరిగిందని ముందుగా చెప్పండి.